నల్లా సన్నగా వస్తే... మోరీ పొంగితే...



నేను అయిదో తరగతిలో హాస్టల్లో చేరిన రోజుల్లో స్నానాల దగ్గర ఒకే పైపుకు వరుసగా ఆరు నల్లాలు ఉండేవి. మొదటి రెండు పదో తరగతి అన్నలవి. చిట్టచివరి నల్లా మా చిన్నపిల్లలది. మిగతా అయిదూ తిప్పితే మాది దారంలా కారేది. బకెట్టు నిండేసరికి బడి గంట కొట్టేవారు. స్నానం లేకుండానే పరుగెత్తేవాళ్ళం. ఆ సంవత్సరం మాలో చాలామందికి గజ్జి పట్టింది. "మీకు శుభ్రత తెలియదు" అని బడిలో తిట్లు తిన్నాం. తప్పు మాది కాదు, పైపుది అని నాకు ఐటీఐలో ప్లంబరు ట్రేడు చదివాకే తెలిసింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నీటికి బలం ఎక్కడి నుంచి వస్తుంది?

ట్యాంకు పెద్దదైతే నీళ్ళు జోరుగా వస్తాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బలం ఎత్తును బట్టి వస్తుంది. పది మీటర్ల ఎత్తున్న నీరు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి ఇస్తుంది. ఒక అంతస్తు బిల్డింగు మీద ట్యాంకు ఉంటే, కింది నల్లాకు నాలుగైదు మీటర్ల ఎత్తే దొరుకుతుంది. అంటే అర కిలో ఒత్తిడి కూడా రాదు. పై అంతస్తు నల్లా ట్యాంకుకు దగ్గరే కదా, అయినా నీళ్ళు నెమ్మదిగా ఎందుకు వస్తాయంటే, ఎత్తు తక్కువ కాబట్టి.

రెండోది పైపు లావు. అంగుళం పైపు నోరు అర అంగుళం పైపు నోటికి రెండింతలు కాదు, నాలుగింతలు. సన్నని పైపుకు ఆరు నల్లాలు పెట్టి అన్నీ ఒకేసారి తిప్పితే, ముందున్నవి తాగేయగా మిగిలిందే చివరిదానికి. మా గతి అదే.

నీళ్ళు సన్నగా వస్తే వరుసగా చూడండి

ఒక్క నల్లాలోనే తక్కువైతే రోగం ఆ నల్లాలోనే ఉంటుంది. మూతి దగ్గర జాలీ ఉంటే విప్పి, నిమ్మరసంలో నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్దండి. బోరు నీళ్ళ సున్నం వదులుతుంది.

అన్ని నల్లాల్లోనూ తక్కువైతే ట్యాంకు దగ్గరికి వెళ్ళాలి. నీళ్ళు ఉన్నాయా? కింద వాల్వు పూర్తిగా తెరిచి ఉందా? అడుగున బురద చేరి పైపు నోరు మూసుకుందా?

ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి, మళ్ళీ నిండాక నీళ్ళు రాకపోతే పైపులో గాలి చిక్కినట్టు. అన్నిటికంటే కింద ఉన్న నల్లాను కాసేపు తెరిచి ఉంచండి. గుడగుడ చప్పుడుతో గాలి పోతుంది. మాటిమాటికీ ఇలాగే అవుతుంటే, ట్యాంకు నుంచి దిగే పైపుకు ట్యాంకు కంటే ఎత్తుగా ఒక గాలి పైపు పెట్టించాలి.

ఇవేవీ కాకపోతే పాత ఇనుప పైపు లోపల తుప్పు పట్టి ఉంటుంది. దానికి మార్చడమే మందు.

కారే నల్లాను చిన్నచూపు చూడకండి. కింద లీటరు డబ్బా పెట్టండి. గంటలో నిండితే రోజుకు 24 లీటర్లు, నెలకు 720 లీటర్లు పోతున్నట్టే. చాలాసార్లు లోపలి వాషరు మారిస్తే సరిపోతుంది.

మోరీ పొంగితే

ఒక్క బాత్‌రూములోనే నీళ్ళు నిలిస్తే అక్కడి జాలీ కింద చూడండి. సబ్బు ముక్కలు, షాంపూ ప్యాకెట్లు, వెంట్రుకలే ఉంటాయి. జాలీ కింద కొంచెం నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి. మోరీ వాసన పైకి రాకుండా ఆపేది ఆ నీరే. సెలవుల తర్వాత గది కంపు కొడితే ఆ నీరు ఎండిపోయిందని అర్థం. ఒక చెంబు నీళ్ళు పోస్తే చాలు.

అన్ని బాత్‌రూములూ పొంగితే అడ్డు బయటి లైనులో ఉంది. వార్డెన్ సారుకు చెప్పి, పెద్దవాళ్ళ చేత చాంబర్ల మూతలు తీయించండి. ఒక చాంబరు నిండుగా ఉండి, దాని తర్వాతిది ఖాళీగా ఉంటే అడ్డు ఆ రెండింటి మధ్యే. చేతికి తొడుగులు వేసుకుని, పైన నిలబడే పొడవాటి వెదురు బద్దతో తీయాలి. తీసిన మర్నాడే మళ్ళీ పూడితే పైపు వాలు చూడాలి. నాలుగు అంగుళాల పైపుకు పది అడుగులకు సుమారు మూడు అంగుళాల వాలు ఉండాలి.

యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఎన్నడూ కలిపి పోయకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్‌రూములో అది ప్రాణం తీస్తుంది.

ఇది మాత్రం మరవకండి

సెప్టిక్ ట్యాంకులోకి ఎవరూ దిగవద్దు, ఎవరినీ దించవద్దు. లోపలి విషవాయువు ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషిని పడేస్తుంది. కాపాడబోయి దిగినవాడూ పోతాడు. రక్షణ లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఇలాంటి మరణాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ పోయిన మనిషి రాడు కదా! అలా పోయినవాళ్ళలో ఎక్కువమంది మన వాడల నుంచి వెళ్ళినవాళ్ళే. "నువ్వు దిగరా" అని ఎవరైనా అంటే, "మిషను పిలిపించండి" అని గట్టిగా చెప్పండి. అది భయం కాదు, తెలివి.

పని నేర్చుకున్నాక పాత విద్యార్థులం కొందరం చందాలు వేసుకుని ఆ స్నానాల పైపు మార్చాం. కోసి చూస్తే ముప్పావు అంగుళం పైపులో పెన్సిలు దూరేంత సందే మిగిలింది. అంగుళంపావు పైపు వేశాం. చివర ఒక విప్పే మూత పెట్టాం, అప్పుడప్పుడు మట్టి కడిగేయడానికి. ఆ రోజు ఆరు నల్లాలూ ఒకేసారి తిప్పి చూశాం. చివరి నల్లా కింద ఒక అయిదో తరగతి తమ్ముడు కేకలు పెడుతూ తల తడుపుకున్నాడు. నాకు అంతకంటే పెద్ద కూలి ఎక్కడా దొరకలేదు.

చదువుతోపాటు చేతిలో ఒక పని ఉంచుకోండి తమ్ముళ్ళూ. చివరి నల్లా దగ్గర నిలబడ్డవాడి కష్టం మనకు తెలుసు. దాన్ని బాగుచేయాల్సింది కూడా మనమే.