మాటలు రాని వయస్సులో మెదడు కణితి

నొప్పిని తెలియజేయడానికి పసిపాపకు ఏడుపు తప్ప వేరొక భాష లేదు. అట్టి వయస్సులో మెదడులో కణితి ఏర్పడితే దానిని గుర్తించడం వైద్యులకు సైతం కష్టమే. శిశువులలో కనిపించే అరుదైన మెదడు కణితులలో ‘ఎటిపికల్ టెరటాయిడ్ రాబ్డాయిడ్ ట్యూమర్’ ఒకటి. దీనినే క్లుప్తంగా ఎ.టి.ఆర్.టి. అంటారు. ఇది ఎక్కువగా మూడు సంవత్సరాలలోపు పిల్లలకు వస్తుంది; మిక్కిలి వేగంగా పెరుగుతుంది.

ఈ కణితి తరచుగా అనుమస్తిష్కం ఉన్న భాగంలో ఏర్పడుతుంది. అది మస్తిష్కమేరు ద్రవం ప్రవహించే మార్గాన్ని అడ్డగించినప్పుడు తలలో ఒత్తిడి అధికమవుతుంది. శిశువు కపాలపు ఎముకలు ఇంకా అతుక్కొని ఉండవు కనుక తల అసాధారణంగా పెరుగుతుంది, మాడు ఉబ్బుతుంది. నడక నేర్చిన బిడ్డ తూలుతుంది. నిద్ర లేవగానే వాంతులు, మందకొడితనం కూడా దీని లక్షణాలే. వాంతి చేసుకొన్న ప్రతి బిడ్డకూ కణితి ఉన్నట్లు కాదు. కాని ఈ లక్షణాలు కొనసాగుతూ ఉంటే అజీర్తి అనో, పళ్లు వచ్చే బాధ అనో భావించి కాలయాపన చేయరాదు. ఎం.ఆర్.ఐ. పరీక్షలో కణితి ఉనికి తెలుస్తుంది.

పూర్వం ఈ వ్యాధిని మెడుల్లోబ్లాస్టోమా అనే మరొక కణితిగా పొరబడేవారు. సూక్ష్మదర్శినిలో రెండింటి కణాలూ కొంతవరకు ఒకే విధంగా కనిపించడమే అందుకు కారణం. అమెరికా వైద్యురాలు లూసీ రోర్క్, ఆమె సహచరులు 1996లో ప్రచురించిన వ్యాసంలో దీని ప్రత్యేక లక్షణాలను నిర్వచించారు. 22వ క్రోమోజోముపై ఉన్న స్మార్క్‌బి1 అనే జన్యువు లోపించడమే ఇట్టి కణితులకు మూలమని 1998లో వెల్లడైంది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీను కణితి కణాలలో లేదని రంజక పరీక్ష ద్వారా తెలుసుకొని, నేడు వ్యాధిని నిర్ధారిస్తున్నారు.

చికిత్సలో మొదటిది శస్త్రచికిత్స. రేడియేషన్ కణితిని నాశనం చేయగలదు. కాని ఎదిగే మెదడుకు హాని కలిగించి, బిడ్డ నేర్చుకొనే శక్తిని తగ్గించగలదు. అందువల్ల బిడ్డ మూలకణాలను ముందుగా సేకరించి భద్రపరచి, తీవ్రమైన మోతాదులో మందులిచ్చి, తరువాత ఆ కణాలను తిరిగి ఎక్కించే పద్ధతి అమలులోకి వచ్చింది. ఒకప్పుడు ఈ వ్యాధి సోకిన పిల్లలలో అనేకులు ఏడాదిలోపే మరణించేవారు. 65 మంది పిల్లలపై జరిపి, 2020లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో నాలుగేళ్ల తరువాత జీవించి ఉన్నవారు సుమారు 43 శాతం.

ఇది సంపూర్ణ విజయం కాదు. అయినను, వ్యాధిని సరిగా గుర్తించి దానికి తగిన పేరు పెట్టగలగడమే చికిత్సకు తొలిమెట్టు అని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.