పదో రోజు నొప్పి లెక్క

మామూలు కాన్పులో యోనిద్వారం దగ్గర కుట్లు పడితే పదో రోజుకు ఎంతమందికి ఇంకా నొప్పి ఉంటుంది? ఇంగ్లండ్‌లో 1,542 మంది బాలింతలపై జరిగిన అధ్యయనంలో జవాబు ఇలా తేలింది. ఒక్కో కుట్టుకూ విడిగా ముడి పడినవారిలో 44 శాతం మందికి. ఒకే దారంతో, బిగించకుండా వరసగా కుట్లు పడినవారిలో 26.5 శాతానికి. అంటే ఆరుగురికి రెండో పద్ధతిలో కుడితే ఒకరికి ఆ నొప్పి తప్పినట్టే. వాపు వచ్చినప్పుడు విడి ముడులు కొరుకుతాయి. ఒకే దారమైతే ఒత్తిడి పొడవునా సర్దుకుంటుంది. దారం రకం కూడా తేడా చూపింది. త్వరగా కరిగే దారం వాడితే తర్వాత కుట్లు తీయాల్సి వచ్చినవారు 13 శాతం నుంచి 3 శాతానికి తగ్గారు.

2002లో లాన్సెట్‌లో వచ్చిన ఈ పరిశోధనను నడిపిన క్రిస్టీన్ కెటిల్ కాన్పులు చేసే మిడ్‌వైఫ్. తర్వాత స్టాఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు.

అంతకుముందు, 1984లో, ఇంగ్లండ్‌లోనే రీడింగ్ ఊళ్లో మరో మిడ్‌వైఫ్ జెన్నిఫర్ స్లీప్ 1,000 మందిని రెండు జట్లుగా చేశారు. చిరుగు పడకుండా ముందే కోత పెట్టాలన్న జట్టులో 51 శాతానికి కోత పడింది, బిడ్డకు ఇబ్బంది అయితేనే పెట్టాలన్న జట్టులో 10 శాతానికే. పది రోజుల తర్వాత చూస్తే రెండు జట్లలోనూ నొప్పి ఇంచుమించు ఒకటే. మరి అంతమందికి కోత పెట్టి సాధించిందేమిటి?

రెండు చోట్లా పదో రోజే ఎందుకు? అక్కడ మిడ్‌వైఫ్‌లు కాన్పయ్యాక పది రోజుల వరకూ బాలింత ఇంటికి వెళ్లి చూసే ఆనవాయితీ ఉండేది. పక్కకు ఒరిగి కూర్చుని బిడ్డకు పాలు ఇస్తున్న తల్లి వాళ్ల కంట పడుతుంది, కోత పెట్టి వెళ్లిపోయిన డాక్టరు కంట పడదు. ఆ చూపే ప్రశ్న అయిందని నా అనుమానం.

అయినా బ్రిటన్‌లో నర్సులు, మిడ్‌వైఫ్‌ల వంటి ఉద్యోగుల్లో ఇలా వార్డులోనూ, విశ్వవిద్యాలయంలోనూ పనిచేసేవారు 0.1 శాతమేనని, సీనియర్ డాక్టర్లలో 4.6 శాతమని ఆ మధ్య లెక్కవేశారు. ఇద్దరు బాసులు, రెండు డ్యూటీ చార్టులు. వార్డులో మనిషి తక్కువైతే మొదట పోయేది పరిశోధన రోజే.

ఇక మన దగ్గరికి వస్తే, తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో 30 మంది నర్సులతో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అది 18 నెలల చదువు. వాళ్లలో కొందరికైనా వారానికి రెండు రోజులు డ్యూటీ తప్పించి పరిశోధనకు వదిలితే, తొలి ప్రశ్న సిజేరియన్ గాయం గురించే కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆ రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులోనైతే 81.5 శాతం. మన దగ్గర ఎక్కువమందికి కుట్లు పడేది పొట్టమీదే కదా.