ఆర్థరు రాజును వెదకుట

ఆర్థరు రాజు కథలను చదివిన బాలురు "ఇవి నిజముగా జరిగినవా?" యని మమ్మడుగుచుందురు. దీనిని పరిశీలించుటకు పూర్వము సీమకు పోవలసియుండెడిది. నేడు ప్రాచీన గ్రంథములు పెక్కు అంతర్జాలమున ఉచితముగా లభించుచున్నవి. ప్రాజెక్టు గుటెన్‌బర్గు, ఇంటర్నెట్ ఆర్కైవు అను భాండాగారములు మొదట చూడదగినవి. అయితే గ్రంథము దొరకినంతమాత్రమున పని తీరదు; అది యెప్పుడు వ్రాయబడినదో చూడవలెను.

మేమట్లు వెనుకకు నడచితిమి. మాలొరీ రచించిన ఆర్థరు కథను కాక్‌స్టను 1485లో అచ్చువేసెను. గుండ్రబల్ల 1155లో వేస్ అను కవి కావ్యమున మొదట కనబడును. 1136 ప్రాంతమున మాన్‌మత్ జెఫ్రీ ఆర్థరునకు చక్రవర్తి వైభవమును కట్టబెట్టెను. 9వ శతాబ్దపు లాటిను చరిత్రలోనో, అతడు పండ్రెండు యుద్ధములు గెలిచిన సేనానాయకుడు మాత్రమే. 6వ శతాబ్దివాడగు గిల్డాసు బేడను యుద్ధమును చెప్పెనే గాని ఆర్థరు పేరే యెత్తలేదు! బాలురు చిన్నబుచ్చుకొనిరి, నిజము చెప్పవలెనన్న మేమును.

అయినను వెదకువారికి లాభము లేకపోలేదు. మాలొరీ గ్రంథమునకు 1485 నాటి అచ్చే ఆధారమని యెల్లరు తలచుచుండగా, 1934లో వించెస్టరునందలి యొక పాఠశాలలోనే దాని వ్రాతప్రతి బయల్పడెను. రోముతోడి యుద్ధకథ అచ్చులో మిక్కిలి కుదింపబడినదని దానివలన తెలిసెను. ఆ ప్రతి యిప్పుడు బ్రిటిషు లైబ్రరీలో నున్నది. 2023 అక్టోబరులో ఆ గ్రంథాలయముపై సైబరు దాడి జరుగగా అచ్చటి వ్రాతప్రతుల చిత్రములు చాలకాలము అందకపోయెను. అందుచేత మా బాలురు చూచిన ప్రతి పేరును, పుట సంఖ్యను నోటుపుస్తకమున వ్రాసికొనుచున్నారు.