కుక్కకు పేలు... చేపకు గండం!

సంక్రాంతి సెలవులు. కుక్కను వెంటేసుకుని ఇంటిల్లిపాదీ ఊరెళ్లారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం రోజులు మేత లేకపోయినా ఉంటాయన్న ధీమాతో అక్వేరియాన్ని అలాగే వదిలివెళ్లారు. వారం తర్వాత తాళం తీసి హాల్లో అడుగుపెట్టారో లేదో... చీలమండల దగ్గర చురుక్కు, చురుక్కు! కిందికి చూస్తే తెల్లటి సాక్సు మీద నల్లనువ్వుల్లాంటి పురుగులు. పట్టుకోబోతే టప్పున ఎగిరి మాయం. చేపలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

ఆ నిక్షేపం ఆ ఒక్క పూటకే. ఇంటాయన దోమల స్ప్రే డబ్బా తీసి సోఫా కింద, మంచం కింద, గుమ్మం ముందు పట్టా మీద బుస్సుమని కొట్టి తలుపులు మూసి పడుకున్నాడు. పొద్దున లేవగానే పాప పరిగెత్తేది అక్వేరియం దగ్గరికే. గోల్డ్‌ఫిష్‌లు రెండూ పొట్ట పైకి పెట్టి తేలుతున్నాయి. నేల మీద పేలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి!

కుక్కా చేపలూ కలిసి ఉన్న ఏ ఇంట్లోనైనా జరగడానికి వీలున్న కథే ఇది. పొరపాటు ఎక్కడుందో తెలిస్తే తప్పించుకోవడం పెద్ద కష్టమేం కాదు.

మూత సరే... ముక్కు సంగతి?

ఇళ్లలో వాడే పురుగుల స్ప్రేల్లో ఎక్కువగా ఉండేవి పైరెత్రాయిడ్ మందులు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, పెర్‌మెత్రిన్... డబ్బా మీద రాసిన పేరు చివర ‘త్రిన్’ అని ఉంటే దాదాపు ఈ కుటుంబమే. మనిషి ఒంట్లోకి కొద్దిగా వెళ్తే శరీరం వాటిని త్వరగానే విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. చేపకు ఆ శక్తి చాలా తక్కువ. పైగా దాని మొప్పలు నీటిలోని మందును చకచకా పీల్చేస్తాయి. కొన్ని రకాల చేపలకు లీటరు నీటిలో ఒకటి రెండు మైక్రోగ్రాములు కలిసినా ప్రాణం మీదికి వస్తుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉండే అక్వేరియంలో పట్టేది సుమారు 55 లీటర్లు. అంటే ట్యాంకు మొత్తానికీ మిల్లీగ్రాములో పదోవంతు మందు చాలన్నమాట. ఆవగింజ బరువులో ఇరవయ్యో వంతు కూడా ఉండదది!

ట్యాంకు మీద మూత ఉందిగా, మందు లోపలికి ఎలా వెళ్లింది? ఎయిర్ పంపు ద్వారా. గదిలోని గాలిని లాగి సన్నటి గొట్టంలోంచి నీటి అడుగుకు పంపడమే దాని పని. ఆ గాలిలో స్ప్రే తుంపర ఉంటే అదీ బుడగలతో పాటే వెళ్తుంది, రాత్రంతా. మూత బిగించి పంపును నడవనివ్వడమంటే నోరు మూసుకుని ముక్కుతో పీల్చినట్టే. ఫైటర్ చేపకైతే మరో ప్రమాదం. అది నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకునే రకం.

మన చేతులూ మందును మోస్తాయి. కుక్క ఒంటికి పౌడరు రాసి, అదే చేత్తో చేపలకు మేత వేస్తారు. చీమల చాక్‌పీసుతో అక్వేరియం బల్ల చుట్టూ గీత గీస్తారు. ఆ చాక్‌పీసులోనూ తరచూ ఉండేది ఇదే రకం మందు.

డబ్బా మీద త్రికోణం చూసి కొంటాం కదా అనొచ్చు. మన దేశంలో పురుగుమందులకు ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులుంటాయి. ఎరుపు అన్నిటికన్నా విషం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. కానీ ఆ రంగును నిర్ణయించేది పాలిచ్చే జంతువుల మీద దాని ప్రభావాన్ని బట్టి. చేపలకు ఆ లెక్క వర్తించదు. ఆకుపచ్చ గుర్తున్నంత మాత్రాన అక్వేరియం పక్కన కొట్టొచ్చని కాదు.

‘అయితే సహజమైనవే వాడదాం’ అనుకుంటే అక్కడా చిక్కే. అసలు పైరెత్రాయిడ్లకు మూలమే చేమంతి జాతి పూలలో ఉండే పైరెత్రిన్. అదీ చేపలకు విషమే. పొగాకు కషాయంలోని నికోటిన్ కూడా అంతే. మన అడవుల్లో దొరికే మంగకాయల్ని దంచి మడుగులో కలిపితే చేపలు మత్తెక్కి తేలతాయని గిరిజనులకు ఏనాడో తెలుసు. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి చేపకు మంచిదన్న మాటకు అర్థం లేదు. సాంబ్రాణి పొగ వేసినా ముందు పంపు ఆపాల్సిందే.

కుక్క మీద కొన్నే... ఇంట్లో ఎన్నో!

ఇంతకీ ఆ పురుగులేంటి? ఊళ్లలో అన్నిటినీ కలిపి గోమార్లు అనేస్తుంటారు గానీ రెండూ వేరు. గోమారి చర్మానికి అతుక్కుని ఉబ్బుతుంది, పాకుతుంది. ఎగరదు. ఎగిరేది ఫ్లీ. అడుగుకు పైగా దూరం దూకగలదు. కుక్కల మీద ఎక్కువగా కనిపించే రకానికి పేరు మాత్రం పిల్లి ఫ్లీ! అనుమానంగా ఉంటే కుక్కను తెల్ల కాగితం మీద నిలబెట్టి పేల దువ్వెనతో దువ్వండి. రాలిన నల్లటి నలుసుల మీద నీటి చుక్క వేయండి. ఎర్రగా కరిగితే అది పేల విసర్జన. అంటే కుక్క రక్తమే.

దురదతో పోతే ఫర్వాలేదనుకోవచ్చు. ఈ పేను కడుపులో బద్దెపురుగు పిల్ల దశలో ఉండొచ్చు. కుక్కతో ఆడుకునే పసిపిల్లలు పొరపాటున పేనును మింగితే ఆ పురుగు వాళ్ల పేగుల్లోకి చేరుతుంది. ఎలుకల మీద ఉండే మరో రకం ఫ్లీనే ప్లేగును మోసుకొస్తోందని 1898లో కరాచీలో కనిపెట్టింది పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు. కాబట్టి వదిలేయడం కుదరదు.

ఆడ ఫ్లీ రోజుకు 40 దాకా గుడ్లు పెడుతుంది. అవి కుక్క బొచ్చుకు అంటుకుని ఉండవు. కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ, ఎక్కడ దులుపుకుంటే అక్కడ రాలిపోతాయి. వాటిలోంచి వచ్చే పిల్లపురుగులు వెలుతురుకు భయపడి సోఫా సందుల్లోకి, పట్టాల అడుగుకు దూరి, రాలిన విసర్జన తిని పెరుగుతాయి. ఆ తర్వాత దుమ్ము అంటుకున్న చిన్న గూడు అల్లుకుంటాయి. కుక్క మీద కనిపించేవి మొత్తంలో నూటికి అయిదేనని నిపుణుల అంచనా. మిగతావన్నీ గుడ్లుగా, పిల్లలుగా, గూళ్లుగా ఇంట్లోనే ఉంటాయన్నమాట.

గూటిలోని పురుగే అసలు మొండిఘటం. స్ప్రే దాన్ని సరిగా తాకదు. బయట ఎవరూ లేకపోతే నెలల తరబడి లోపలే ఉండిపోతుంది. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలితే చాలు, బయటికి దూకుతుంది. సెలవుల నుంచి వచ్చిన వాళ్లను ఒక్కసారిగా చుట్టుముట్టడం అందుకే. మందు కొట్టిన మర్నాడూ ఎగురుతూ కనిపించడమూ అందుకే. అంటే చేపల ప్రాణం పణంగా పెట్టి కొట్టిన స్ప్రే, పేల సంగతీ పూర్తిగా తేల్చలేదు.

మందు కుక్క కడుపులోకి...

అక్వేరియం ఉన్న ఇంట్లో మొదలుపెట్టాల్సింది గది నుంచి కాదు, కుక్క నుంచి. ఇప్పుడు ఫ్లూరలానర్, అఫాక్సోలానర్ వంటి మందులతో నమిలే మాత్రలు దొరుకుతున్నాయి. మందు కుక్క రక్తంలో ఉంటుంది. కుట్టిన పేను చస్తుంది. గోమార్లూ చస్తాయి. ఒక రకం నెల రోజులు, మరో రకం మూడు నెలల దాకా పనిచేస్తుంది. గాలిలోకి తుంపర లేదు, చేతికి అంటేది లేదు. చేపలున్న ఇంటికి ఇంతకన్నా నప్పేది కనపడదు. అయితే కొన్ని కుక్కలకు వీటితో ఫిట్స్ వచ్చే అవకాశముందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. అందుకే పశువైద్యుడు బరువు చూసి, పాత జబ్బులు అడిగి రాసిస్తేనే వేయాలి.

మెడ వెనక చుక్కలుగా వేసే మందులూ పనిచేస్తాయి. కాకపోతే అందులో ఉండే ఫిప్రోనిల్ లాంటివి నీటి జీవులకు హాని చేస్తాయి. 2016-18 మధ్య ఇంగ్లండ్‌లోని 20 నదుల నీటిని పరీక్షిస్తే నూటికి 98కి పైగా నమూనాల్లో ఫిప్రోనిల్ కనిపించింది. కుక్కలకు, పిల్లులకు వేసిన మందే కొట్టుకొచ్చి ఉంటుందని ఆ పరిశోధకులు అనుమానించారు. అంత పెద్ద నదుల్లోనే తేలితే 55 లీటర్ల గాజుపెట్టె ఎంత! చుక్కల మందే వాడాల్సి వస్తే గ్లవ్స్ వేసుకుని వేయండి. ఆ రోజు చేపల మేత పని మరొకరికి అప్పగించండి. మందు ఆరేదాకా కుక్కను ట్యాంకు దగ్గరికి రానివ్వకండి.

ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇంకో జాగ్రత్త. కుక్కల కోసం పెర్‌మెత్రిన్‌తో చేసిన మందు పిల్లికి వేస్తే ప్రాణమే పోవచ్చు.

ఇక ఇల్లు. దీనికి మందుకన్నా చాకిరీ ముఖ్యం. వాక్యూమ్ క్లీనర్ ఉంటే సగం గెలిచినట్టే. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ 2007లో చేసిన పరీక్షలో దానిలోకి పీల్చిన పెద్ద పేలలో నూటికి 96 చచ్చాయి. సోఫా సందులు, మంచం కింద, బీరువా అడుగు, గోడ మూలలు... కుక్క తిరిగే ప్రతిచోటా మొదటి రెండు వారాలు రోజూ పట్టాలి. లోపలి సంచిని కవర్లో కట్టి బయట పారేయాలి. వాక్యూమ్ లేనివాళ్లు చీపురుతో ఊడ్చి, సబ్బు కలిపిన వేణ్నీళ్లతో మూలమూలలా తుడవొచ్చు. మన ఇళ్లలో కార్పెట్లు తక్కువ, గచ్చు నేలలు ఎక్కువ కావడం ఇక్కడ కలిసొచ్చే విషయం. కుక్క కింద వేసే గోనెసంచి పారేయడమే మేలు. దుప్పట్లను 60 డిగ్రీల వేడి నీటిలో ఉతకాలి. పరుపులూ దిండ్లూ ఎండలో వేయాలి. పిల్లపురుగు పొడిని, ఎండను తట్టుకోలేదు. అందుకే వేసవిలో తగ్గిన బెడద వానలు మొదలవగానే తిరగబెడుతుంది. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడివాళ్లు ఏడాదంతా కనిపెట్టుకుని ఉండాల్సిందే. మెట్ల కింద వీధి పిల్లులు పడుకునే చోటు ఉంటే దాన్నీ మర్చిపోవద్దు.

స్ప్రే తప్పదంటే...

బెడద ముదిరి మందు కొట్టేవాళ్లను పిలవాల్సి వస్తే ఇంట్లో అక్వేరియం ఉందని ఫోన్లోనే చెప్పేయండి. వీలైతే ఆ గది వదిలేసి మిగతా గదుల్లోనే కొట్టమనండి. చిన్న గాజుబౌలు అయితే అదే నీటితో పక్కింటికి చేర్చొచ్చు. పెద్ద ట్యాంకును నీళ్లతో కదిపితే అద్దాలు ఊడతాయి. దాన్ని ఉన్నచోటే కాపాడుకోవాలి.

తేలికైన ఉపాయం ఒకటుంది. పొడవాటి గాలి గొట్టం కొని పంపును మందు కొట్టని గదిలోకి మార్చేయడం. గొట్టం మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు పెట్టాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు ట్యాంకు నీరు వెనక్కి పారొచ్చు. అక్వేరియం షాపుల్లో చవగ్గానే దొరుకుతుంది. ట్యాంకును, ఫిల్టరును పెద్ద ప్లాస్టిక్ షీటుతో కప్పి, అంచుల్ని టేపుతో అంటించి, చుట్టూ తడి తువ్వాలు చుట్టాలి. నీటిలో మునిగి ఉండే ఫిల్టరును నడవనివ్వొచ్చు. దానికి గాలి లాక్కునే సన్నగొట్టం ఉంటే మాత్రం మూసేయాలి. పంపును మార్చే వీల్లేకపోతే ఆపేయాలి. కానీ గంటల తరబడి కాదు. గోల్డ్‌ఫిష్‌లు కిక్కిరిసిన ట్యాంకులో ప్రాణవాయువు త్వరగా తగ్గిపోతుంది. వల, మేత డబ్బా, నీళ్లు మార్చే బకెట్ ముందే బయట పెట్టేయండి. మందు ఆరి, కిటికీలన్నీ తీసి, గదిలో గాలి మారాకే షీటు విప్పాలి. అదీ ముందు పైభాగాన్ని తడిగుడ్డతో తుడిచి, లోపలికి మడుస్తూ.

వానాకాలంలో వీధిలోకి దోమల పొగబండి వచ్చినా ఇదే సూత్రం. కిటికీలు మూసి పంపు ఆపండి, పొగ పోయాక వేయండి.

ఇంత చేసినా చేపలు గిర్రున తిరుగుతున్నా, పక్కకు ఒరుగుతున్నా, నీటి పైకి వచ్చి నోరు తెరుస్తున్నా అనుమానించాల్సిందే. ట్యాంకులో రొయ్యలుంటే ముందుగా పడిపోయేవి అవే. వెంటనే సగం నీరు తీసి, యాంటీ క్లోరిన్ కలిపిన నీటిని దాదాపు అదే చల్లదనంలో పోయండి. ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. పంపును మందు వాసన లేని గదిలోంచి నడపండి. ఆ రోజుకు మేత వద్దు.

చివరిగా, పేలు తగ్గాయో లేదో తెలుసుకునే చిట్కా. రాత్రి పూట నేల మీద వెడల్పాటి పళ్లెంలో సబ్బునీళ్లు పోసి, పైన చిన్న లైటు పెట్టండి. ఎగిరిన పేలు వెలుతురుకు వచ్చి నీటిలో పడతాయి. మొదటి రెండు మూడు వారాలు కొన్ని పడుతూనే ఉంటాయి. గూళ్లలో మిగిలినవి బయటికొస్తున్నాయన్నమాట. కంగారుపడి మళ్లీ స్ప్రే డబ్బా తీయకండి. కుక్కకు మాత్ర వేళ తప్పకుండా చూసుకుంటూ, నేల పని మానకుండా ఉంటే చాలు. పళ్లెం వరుసగా రెండు వారాలు ఖాళీగా ఉందంటే బెడద దాదాపు వదిలినట్టే.