తంతిమీద లఘువులు, గురువులు

మా ఇంటికి టెలిగ్రాం వచ్చిందంటే అమ్మ దాన్ని విప్పకముందే గోడకు చేరగిలబడిపోయేది. శుభం ఉత్తరంలో వస్తుంది, అశుభం తంతిలో వస్తుంది అని ఆవిడ నమ్మకం. 1988లో, నేను బడికి వెళ్ళే రోజుల్లో, "మదర్ సీరియస్. స్టార్ట్ ఇమీడియట్లీ" అని నాలుగే నాలుగు మాటలు వచ్చాయి. నాన్నగారు ఆ రాత్రి బండికే బయలుదేరారు. నాయనమ్మ కొడుకు చేతి తులసితీర్థం పుచ్చుకుని మర్నాడు కన్నుమూసింది.

ఆ పాటి భాగ్యం టెలిగ్రాఫు పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే శామ్యూల్ మోర్స్‌కు దక్కలేదు. ఆయన వృత్తిచేత చిత్రకారుడు. 1825 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో లఫాయెట్ చిత్తరువు వేస్తూ ఉండగా, ఎక్కడో న్యూహేవెన్‌లో భార్య లుక్రీషియా మరణించింది. కబురు తపాలాలో నెమ్మదిగా వచ్చింది. ఆయన ఇల్లు చేరేసరికి ఆమెను సమాధి చెయ్యడం కూడా అయిపోయింది.

ఆ దుఃఖంలోంచే టెలిగ్రాఫు పుట్టిందంటారు గాని, కథ అంత తిన్నగా నడవలేదు. ఏడేళ్ళ తర్వాత, 1832లో, ఓడ ప్రయాణంలో ఒక తోటి ప్రయాణికుడు విద్యుదయస్కాంతం సంగతులు చెబుతూ ఉంటే విని, ఆయన ఈ ఆలోచనలో పడ్డాడు. ఆల్ఫ్రెడ్ వెయిల్ వంటివారు చేయి కలిపారు. 1844 మే 24న వాషింగ్టన్ నుంచి సుమారు 40 మైళ్ళ దూరాన ఉన్న బాల్టిమోర్‌కు తంతిమీద మాట వెళ్ళింది.

ఇంతకూ అందులోని కిటుకేమిటి? ఇక్కడ మీట నొక్కితే తీగలో విద్యుత్తు పారుతుంది. అక్కడి అయస్కాంతం ఇనుపముక్కను లాగుతుంది. మీట వదిలితే అదీ వదిలేస్తుంది. కాస్సేపు నొక్కితే చుక్క, ఎక్కువసేపు నొక్కితే గీత. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వాడే 'ఇ' అక్షరానికి ఒక్క చుక్కే గుర్తు. అరుదుగా వచ్చే 'క్యూ'కు నాలుగు గుర్తులు కావాలి.

తెలుగు మేష్టరును గనుక నాకిందులో లఘువూ గురువూ కనిపిస్తాయి. మన గురువుకు రెండు మాత్రలైతే, ఆ గీతకు మూడు చుక్కల కాలం, అంతే తేడా. మూడక్షరాల గణాలు మనకు ఎనిమిది. మూడు గుర్తుల ఇంగ్లీషు అక్షరాలూ ఎనిమిదే! 'డి' భగణం, 'ఆర్' జగణం, 'కె' రగణం. ఆపదలో పడ్డ ఓడలకోసం 1906లో బెర్లిన్ సమావేశం ఒప్పుకున్న ఎస్.ఓ.ఎస్. అంటే నగణం, మగణం, నగణం. క్లాసులో బల్లమీద వేలితో అది కొట్టి చూపిస్తే, గణాలంటే బెదిరే పిల్లలు కూడా చెవులు నిక్కిస్తారు.

2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాముల పంపిణీ ఆగిపోయింది. నాన్నగారు దాచుకున్న ఆ నాలుగు మాటల కాగితం ఇప్పుడు నా బీరువాలో ఉంది. అమ్మ దాన్ని అశుభమని ఎన్నడూ పారెయ్యమనలేదు. తల్లి దగ్గరకు కొడుకును వేళకు చేర్చిన కాగితం కదా!