ధర ఎఫ్40ది, వారసత్వం 959ది

ఎంత అరుదైతే అంత ధర అన్నది పాత కార్ల వేలంపాటల్లో చాలామంది నమ్మే లెక్క. 1980ల చివర వచ్చిన రెండు కార్ల దగ్గర ఆ లెక్క తప్పింది. ఫెరారీ ఎఫ్40లు 1,300కు పైగా తయారయ్యాయి, పోర్షే 959లు దాదాపు 300 మాత్రమే. అయినా ఇవాళ సాధారణంగా ఎఫ్40యే ఎక్కువ పలుకుతోంది. దీన్నిబట్టి కొనేవాళ్లు డబ్బు పెడుతున్నది సంఖ్యను చూసి కాదు, ఇప్పటి కార్లలో దొరకని అనుభవాన్ని చూసి. అది వాళ్ల ఇష్టం. కానీ ఆ ధరనే గొప్పతనానికి కొలతగా తీసుకుంటే 959కి అన్యాయం చేసినట్టే.

రెండింటి పుట్టుక ఒకచోటే. గ్రూప్ బి అనే పోటీ తరగతిలో దిగాలంటే కనీసం 200 కార్లు తయారుచేయాలి. రెండు కంపెనీలూ ఆ పోటీ కోసమే పని మొదలుపెట్టాయి. 1986లో వరుస ప్రమాదాల తర్వాత ఆ తరగతికి తెర పడింది. అప్పటిదాకా నేర్చినదాన్ని రోడ్డు మీదికి తేవడంలో ఇద్దరూ చెరో దారి పట్టారు. ఇటలీలోని మారనెల్లోలో ఫెరారీ తీసివేతనే నమ్ముకుంది. కార్పెట్ లేదు, రేడియో లేదు, పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు. లోపలి నుంచి తలుపు తీయాలంటే ఒక తీగ లాగాలి. బరువు పెరగకూడదని రంగు ఎంత పలచగా వేశారంటే కింద కార్బన్, కెవ్లార్ నేత కనిపిస్తుంది. 2.9 లీటర్ల వి8 ఇంజన్, రెండు టర్బోలు, 478 హార్స్‌పవర్, గంటకు 324 కిలోమీటర్లు. జర్మనీలో హెల్ముట్ బాట్ నాయకత్వంలో పోర్షే ఇంజనీర్లు ప్రతి ఇబ్బందికీ ఒక యంత్రం జోడించారు. నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది, ముందుకెంత వెనక్కెంత అన్నది కంప్యూటర్ చూసుకుంటుంది. టైర్లో గాలి తగ్గితే డ్రైవరుకు తెలుస్తుంది. తక్కువ వేగంలో ఒక టర్బో పనిచేస్తుంది, తర్వాత రెండోది తోడవుతుంది, అందువల్ల ఊపు ఆలస్యంగా రావడం తగ్గింది. 450 హార్స్‌పవర్‌తో వేగంలో ఇది ఎఫ్40కి దగ్గరదగ్గరే. 1986 పారిస్-డాకర్ ర్యాలీలో మొదటి రెండు స్థానాలూ 959లవే.

ఎఫ్40 ధరంతా పేరు మహిమేనని, 1988లో కన్నుమూసిన ఎంజో ఫెరారీ ఆమోదించిన చివరి కారు కావడమే కారణమని కొందరంటారు. పేరుకు బలముంది, కాదనలేం. అయితే ఎంజో బతికుండగా వచ్చిన మాండియల్ కూడా ఫెరారీయే, దాని ధర మాత్రం ఎఫ్40 ధరలో చాలా చిన్న భాగం. ఎలక్ట్రానిక్స్ ప్రతి కారులోకీ వచ్చేశాక, డ్రైవరుకు ఏ సాయమూ చేయని కారు కరువైంది. ఎఫ్40 గిరాకీకి మూలం అక్కడుంది. 959 సంగతి పూర్తిగా వేరు. దానిలోని ఆలోచనలు అందరికీ చేరడం వల్ల దాని ప్రత్యేకత కంటికి ఆనదు.

959 అన్నిటినీ కొత్తగా కనిపెట్టలేదన్న అభ్యంతరం ఉంది. నిజమే, నాలుగు చక్రాల శక్తితో ఆడి క్వాట్రో 1980లోనే రోడ్డెక్కింది. కానీ విడివిడిగా ఉన్నవాటిని ఒకే కారులో కలిపి, ఎడారిలోనూ రోడ్డు మీదా నమ్మకంగా నడిపించడం అంతకంటే కష్టమైన పని. అందుకోసం పోర్షే ఒక్కో కారునూ నష్టానికే అమ్మింది. ఆ పాఠం 1989 నాటి 911 కరెరా 4లోకి, 1995 నాటి 911 టర్బోలోకి వెళ్లింది. టైర్ల గాలి చెప్పే ఏర్పాటైతే ఇప్పుడు మన మధ్యతరగతి కొనే కార్లలోనూ కనిపిస్తోంది.