వానాకాలమే మన కాలేయపు ఋతువు

ఉర్దూ మాట్లాడే మన ఇళ్లలో కన్నబిడ్డను ‘లఖ్తె జిగర్’ అంటారు. కాలేయపు ముక్క అని అర్థం. చైనా తల్లులు కూడా బిడ్డను ముద్దుగా ‘షిన్‌గాన్’ అని పిలుస్తారు. గుండె, కాలేయం అన్న రెండు మాటలు కలిసి ఏర్పడిన పిలుపు అది. మనిషి తనకు అత్యంత ప్రియమైనదాన్ని ఈ అవయవంతో పోల్చుకోవడంలో ఇంత దూరదేశాల వారు ఏకమవడం ఆశ్చర్యకరమే.

ఈ మధ్య చైనా వైద్యం పేరుతో కాలేయ సంరక్షణ సందేశాలు మన వారి ఫోన్లలో విరివిగా తిరుగుతున్నాయి. వసంతం కాలేయపు ఋతువట. ఆ రోజుల్లో ఆకుకూరలు ఎక్కువగా తినాలట. రాత్రి ఒంటిగంట నుండి మూడు గంటల వరకు కాలేయం తన పని తాను చక్కబెట్టుకుంటుందట, ఆ వేళకు గాఢనిద్రలో ఉండాలట. సందేశం చివర ఏదో ఒక ‘కాలేయ శుద్ధి’ గుళికల ప్రకటన తప్పకుండా ఉంటుంది. మా విద్యార్థుల తల్లిదండ్రులు వీటి నిజానిజాలు పదే పదే అడుగుతున్నందున ఈ వ్యాసం రాయదలిచాము.

ముందుగా చైనా వారికి న్యాయం చేద్దాం. వారి ప్రాచీన వైద్య గ్రంథం ‘హువాంగ్‌దీ నైజింగ్’ సుమారు రెండువేల ఏళ్ల నాటిది. కట్టె, నిప్పు, మన్ను, లోహం, నీరు అనే అయిదు మూలాలతో అది లోకాన్నీ శరీరాన్నీ కలిపి చూస్తుంది. కాలేయం కట్టెకు చెందినది. దాని ఋతువు వసంతం, దాని రంగు పచ్చదనం, దాని రుచి పులుపు, దాని ద్వారం కన్ను, దానిని కలచివేసే ఉద్వేగం కోపం. అందుచేత వసంతంలో పెందలాడే లేవాలని, వదులైన దుస్తులతో ముంగిట్లో నడవాలని, కోపాన్ని లోలోపల కుక్కుకోరాదని ఆ వైద్యులు చెప్పారు. ఇందులో ఆక్షేపించదగినది ఏముంది? అయితే వారు కాలేయమన్నది కేవలం మన కుడి పక్కటెముకల కిందనున్న అవయవాన్ని కాదు, కొన్ని దేహధర్మాల సముదాయాన్ని. ఒంటిగంట, మూడు గంటల లెక్క కూడా ఆ సిద్ధాంతంలోని భాగమే తప్ప ఎవరో కొలిచి చూసి చెప్పినది కాదు. రక్తపరీక్ష కాగితంలోని అంకెలకు ఆ సిద్ధాంతాన్ని అతికించి గుళికలు అమ్మేవారు చైనా వైద్యానికీ ద్రోహం చేస్తున్నారు, రోగికీ ద్రోహం చేస్తున్నారు.

మన తిబ్ కూడా ఋతువులను తక్కువ చేయలేదు. జాలీనూస్ నుండి ఇబ్నె సీనా (980–1037) వరకు హకీములందరూ గుండె, మెదడులతో పాటు జిగర్‌ను శరీరపు ప్రధానాంగాలలో చేర్చారు. ఖూన్, బల్గమ్, సఫ్రా, సౌదా అనే నాలుగు ద్రవాలు అక్కడే తయారవుతాయన్నారు. ఆరోగ్యం నిలవడానికి ‘అస్బాబె సిత్తా జరూరియా’ అని ఆరు విషయాలు చెప్పారు. గాలి, అన్నపానీయాలు, దేహపు శ్రమ విశ్రాంతులు, మనసు యొక్క చలనం ప్రశాంతి, నిద్రా జాగరణలు, శరీరం విసర్జించేవి నిలుపుకునేవి. ఋతువు మారినప్పుడల్లా ఈ ఆరింటినీ సరిచూసుకొమ్మన్నారు.

ఈ రెండు వైద్యాలు ఒకదానినొకటి ఎరుగనివి కావు. ఇరాన్‌లో మంత్రిగా ఉన్న రషీదుద్దీన్ ఫజ్లుల్లాహ్ పద్నాలుగో శతాబ్దపు తొలి ఏళ్లలో చైనా వైద్య గ్రంథాలను ‘తన్సూఖ్ నామా’ పేరిట పారశీకంలోకి తెప్పించారు. అటు చైనాలో ముస్లిం హకీముల ఔషధయోగాలు ‘హుయ్‌హుయ్ యావ్‌ఫాంగ్’ అనే చైనా గ్రంథంగా వెలిశాయి. ఒకప్పుడు 36 సంపుటాలుగా ఉన్న ఆ గ్రంథంలో నేడు మిగిలినవి నాలుగే. మన పచారీ కొట్లలో దొరికే రేవల్చిన్ని, అనగా హకీముల రేవంద్ చీనీ, తన పేరులోనే తాను వచ్చిన దేశాన్ని మోస్తున్నది. విద్య కోసం చైనా దాకానైనా వెళ్లాలన్న మాటను చాలామంది ఇక్కడ ఉదహరిస్తారు. దాని పరంపర నమ్మదగినది కాదని హదీసు పండితులు తేల్చారు గనుక దానిని ప్రవక్త (స)కు ఆపాదించకుండా ఉండటమే మంచిది. విద్య ఎక్కడున్నా తీసుకోవడానికి మనకు వేరే ఆధారాలు చాలా ఉన్నాయి.

అయితే ఏ వైద్యుడైనా తన నేలను, తన గాలిని చూసి రాస్తాడు. మంచు కరిగి చిగురు తొడిగే చైనా వసంతం వేరు, శిశిరం వెళ్లీ వెళ్లకముందే ఎండ నెత్తికెక్కే మన హనుమకొండ వసంతం వేరు. ఇక్కడ కాలేయానికి ముప్పు తెచ్చే ఋతువు వానాకాలం. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల నీరు శుద్ధి అయి గొట్టాల గుండా మన నల్లాలకు చేరుతుంది. ఆ గొట్టం మోరీ పక్క నుండి పోతూ ఎక్కడైనా పగిలి ఉంటే, నల్లా బందైన వేళ మోరీ నీరు అందులోకి దిగుతుంది. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీరు వచ్చిన దృశ్యం ఈ నగరవాసులు మరచిపోయేది కాదు. అటువంటప్పుడు సంపులోకి ఏం దిగిందో కంటికి కనబడదు.

మలంతో కలుషితమైన నీటి ద్వారా హెపటైటిస్ ‘ఎ’, ‘ఇ’ అనే వైరసులు కాలేయాన్ని పట్టుకుంటాయి. ‘ఎ’ సాధారణంగా రెండు నుండి నాలుగు వారాల తర్వాత బయటపడుతుంది. ‘ఇ’ రెండు వారాల నుండి పది వారాల దాకా, సగటున అయిదారు వారాలు తీసుకుంటుంది. జూలైలో తాగిన చెడునీరు సెప్టెంబరులో కళ్లు పచ్చబడేలా చేస్తే, ఇంట్లో వారు నిన్న తిన్న బిర్యానీని తప్పుపడతారు. సంపు సంగతి ఎవరికీ గుర్తుండదు.

నీటి విషయంలో ప్రవక్త (స) బోధనలను ఈ కళ్లతో మళ్లీ చదవండి. నిలిచిన నీటిలో మూత్ర విసర్జన చేయరాదన్నారు (బుఖారీ, ముస్లిం). నీటి రేవుల వద్ద, దారుల్లో, నీడ పట్టున మలవిసర్జన శాపహేతువన్నారు (అబూ దావూద్). నిద్ర లేచినవారు చేయి కడుక్కోకుండా నీటి పాత్రలో ముంచరాదన్నారు. రాత్రివేళ పాత్రలు కప్పి, తోలుతిత్తుల మూతులు కట్టమని ఆదేశిస్తూ, ఏడాదిలో ఒకానొక రాత్రి వ్యాధి దిగి మూతలేని పాత్రల్లో ప్రవేశిస్తుందని హెచ్చరించారు (ముస్లిం). బిందె మీద మూత పెట్టే గృహిణి ఒక సున్నత్‌ను పాటిస్తున్నదని మన అబ్బాయిలకు, అమ్మాయిలకు చెబుతున్నామా? మిస్వాక్ గురించి, గడ్డం గురించి గంటలకొద్దీ చెబుతాము. సంపు గురించి జుమా ప్రసంగంలో విన్నవారెందరో చేతులెత్తమంటే లెక్క తేలుతుంది.

ఇంట్లో చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. జూన్‌లో వానలు పడకముందే సంపు, పైట్యాంకు కడిగించాలి. వరద నీరు దిగితే ఆ నీరంతా తోడివేసి, కడిగి, క్లోరిన్ వేసిన తర్వాతే వాడాలి. తాగే నీటిని కుతకుత మరిగించి చల్లార్చుకోవాలి. ఇరవై లీటర్ల క్యాను నీరు చూడ్డానికి తేటగా ఉన్నంత మాత్రాన శుద్ధమైనది కాదు. కామెర్లు వచ్చినవారికి చలువ చేస్తుందని బండి మీది చెరకు రసం తెచ్చి తాగించడం మన దగ్గర ఆనవాయితీ. అందులో వేసే ఐసు ఏ నీటితో చేసినదో ఆలోచించండి. మస్జిదులలో, మద్రసాలలో గొలుసు కట్టిన ఒకే గ్లాసుతో అందరూ నీళ్లు తాగే పద్ధతి కూడా మానవలసినదే.

ఇక అసలు విషయం. కామెర్లు అనేది వ్యాధి పేరు కాదు, వ్యాధి గుర్తు. వైరసు వల్ల రావచ్చు, పిత్తనాళంలో రాయి అడ్డుపడి రావచ్చు, మందుల వల్ల రావచ్చు, రక్తదోషం వల్ల రావచ్చు. ఏది కారణమో రక్తపరీక్ష, స్కానింగు చెబుతాయి తప్ప నాడి పట్టినవాడు చెప్పలేడు. మన జిల్లాల్లో మాత్రం కళ్లు పచ్చబడగానే ‘ఫలానా ఊళ్లో పసరు పోస్తారు’ అని బయలుదేరతారు. పరగడుపున పసరు, ఉప్పులేని పథ్యం, కొన్నిచోట్ల ముక్కులో చుక్కలు, మరికొన్నిచోట్ల చేతిమీద వాత. పసరు తాగినవారిలో చాలామందికి నయమైన మాట నిజమే. ‘ఎ’, ‘ఇ’ వైరసులు సోకినవారిలో అత్యధికులకు విశ్రాంతి, ఆహారం ఉంటే కొన్ని వారాల్లో అల్లాహ్ అనుగ్రహంతో వాటంతటవే తగ్గిపోతాయి. తగ్గిన కీర్తి పసరుకు పోతుంది. తగ్గనివారి సంగతి పసరు పోసినవాని చెవిన పడనే పడదు.

మా విద్యార్థి ఒకరి అక్క ఏడు నెలల గర్భవతి. పుట్టింటికి వచ్చినప్పుడు కళ్లు పచ్చబడ్డాయి. అయిదు రోజులు పసరు పోయించారు. ఆరో రోజు ఆమె పొంతన లేకుండా మాట్లాడసాగింది, పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. జిన్ను పట్టిందని ఇంటి పెద్దలు నిశ్చయించి, దమ్ చేయమని మమ్మల్ని పిలిపించారు. సూరె ఫాతిహా ఓది ఊదాము. ఊదుతూనే ఆటోను పిలిపించి ఆసుపత్రికి తరలించాము. కాలేయం పూర్తిగా దెబ్బతిన్నప్పుడు, అది వడకట్టవలసిన విషాలు మెదడుకు చేరి ఇటువంటి మతిభ్రమణ కలుగుతుందని అక్కడి వైద్యులు వివరించారు. ఆమె బ్రతికింది. బిడ్డ దక్కలేదు.

హెపటైటిస్ ‘ఇ’ గర్భిణులకు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో ఉన్నవారికి ప్రాణాంతకం. ఆ దశలో సోకితే నూటికి 20 నుండి 25 మంది వరకు మరణించే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. గర్భిణికి కళ్లు పచ్చబడితే ఒక్కరోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇతరులకైనా ఆగని వాంతులు, మత్తు, తికమక, చిగుళ్ల నుండి రక్తం, పొట్ట ఉబ్బడం కనబడితే ఇంట్లో ఉంచరాదు. ఓదడం చికిత్సకు పోటీ కాదు. అస్వస్థులైన సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)ను స్వయంగా ప్రవక్త (స) వారే హారిస్ బిన్ కలదా అనే వైద్యుని వద్దకు వెళ్లమన్నారు (అబూ దావూద్). వైద్యం నేర్చినవాడని పేరులేకుండానే వైద్యం చేసేవాడు జరిగే నష్టానికి బాధ్యుడని కూడా హదీసులో ఉంది. పసరు ఉచితంగా పోస్తున్నాడు గదా అన్న వాదన ఈ బాధ్యతను తొలగించదు.

అలాగని మూలికలన్నీ వ్యర్థమని మేము అనడం లేదు. కాసిని, కామంచి వంటివి హకీములు శతాబ్దాలుగా జిగర్ రోగాలకు వాడుతున్నారు. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ ఆసుపత్రి వంటి చోట్ల పట్టా పొందిన హకీములు నేటికీ చూస్తున్నారు. వెళ్లదలచినవారు అటువంటి వారి దగ్గరకే, రక్తపరీక్ష కాగితాలతో వెళ్లాలి. నేల ఉసిరి హెపటైటిస్ ‘బి’ని పోగొడుతున్నదని 1988లో మద్రాసు పరిశోధకులు ప్రకటించినప్పుడు లోకం ఆశపడింది. తర్వాతి పరీక్షలు ఆ ఫలితాన్ని నిలబెట్టలేదు. కరోనా కాలంలో తిప్పతీగ కషాయం మితిమీరి తాగినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు మన దేశ వైద్యులు నమోదు చేశారు. చైనాలోనూ ‘హె షౌ వూ’ అనే దుంప వల్ల అటువంటి హానే నమోదైంది. పైగా చైనా కాలేయ మందుల్లో ఎలుగుబంటి పిత్తం వాడే సంప్రదాయం ఉంది. డబ్బా మీద ఏముందో తెలియని గుళిక ఆరోగ్యం రీత్యానే కాక హలాల్ రీత్యా కూడా సందేహాస్పదమే. చైనా నుండి తీసుకోదగిన కాలేయ రక్షణ ఒకటుంది. హెపటైటిస్ ‘ఇ’ టీకాకు మొదట 2011లో అనుమతి లభించింది ఆ దేశంలోనే. మన ప్రభుత్వ టీకాల పట్టికలో అది ఇంకా చేరలేదు.

పట్టికలో ఉన్న టీకా మాత్రం వదులుకోకండి. హెపటైటిస్ ‘బి’ రక్తం ద్వారా, కాన్పు వేళ తల్లి నుండి బిడ్డకు సోకుతుంది. పసిగుడ్డుకు సోకితే నూటికి తొంభై మందిలో జీవితాంతం ఉండిపోయి, నడివయసులో కాలేయాన్ని గట్టిపరచవచ్చు, క్యాన్సరుగానూ బయటపడవచ్చు. అందుకే పుట్టిన 24 గంటల్లోపు ఒక టీకా, ఆపై 6, 10, 14 వారాలకు మిగిలినవి. చెవిలో అజాన్ పలికిన రోజే ఈ టీకా కూడా పడిందో లేదో తండ్రి అడిగి తెలుసుకోవాలి.

హిజామా విషయం కూడా ఇక్కడే చెప్పాలి. హిజామా సున్నత్, సందేహం లేదు. కానీ ‘బి’ వైరసు ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు బ్రతికి ఉండగలదు. ఒకరికి వాడిన బ్లేడు, సరిగా శుద్ధి చేయని కప్పు మరొకరికి తగిలితే ఆ సున్నత్ పేరుతో రోగం పంచినట్లవుతుంది. మన పట్టణాల్లో నెలకు ఒకసారి హాలు మాట్లాడి వరుసగా కూర్చోబెట్టి హిజామా చేసే శిబిరాలను మేము చూశాము. కొత్త బ్లేడు మీ కళ్లెదుట కవరు చించి తీయనివాని ముందు వీపు చూపకండి. ఖత్నా చేసేవారికీ, క్షురకులకూ, చెవులు కుట్టేవారికీ ఇదే వర్తిస్తుంది.

కొవ్వు పట్టిన కాలేయం గురించి క్లుప్తంగా. 2025లో వెలువడిన ఒక అధ్యయనం హైదరాబాదులోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, నూటికి 84 మంది కాలేయంలో అధిక కొవ్వు ఉన్నట్లు తేల్చింది. వీరిలో మద్యం ముట్టనివారికీ మినహాయింపు లేదు. కదలని కూర్చీ, తీపి పానీయం, అర్ధరాత్రి భోజనం చాలు. ఇక్కడ చైనా పెద్దల మాట, మన పెద్దల మాట కలుస్తాయి. ఇషా తర్వాత కబుర్లు ప్రవక్త (స)కు ఇష్టం లేదు (బుఖారీ). కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీటికి, మిగిలినది ఊపిరికి అన్నారు (తిర్మిజీ). ఇటీవలి ఏళ్లలో రమజాన్ వసంతపు అంచునే వస్తున్నది. పగలంతా ఉపవాసముండి ఇఫ్తారులో నూనె మరిగిన సమోసాలు, రాత్రి పదకొండుకు హలీం, సహ్రీ దాకా ఫోను, ఫజ్ర్ తర్వాత మధ్యాహ్నం వరకు నిద్ర అనే క్రమంలో ఏ వైద్యపు ఋతుచర్యా నిలవదు.

జూలై 28 ప్రపంచ హెపటైటిస్ దినం. ‘బి’ వైరసును కనుగొన్న బ్లంబర్గ్ పుట్టిన రోజది. మన ప్రభుత్వం 2018లో అదే తేదీన ప్రారంభించిన కార్యక్రమం కింద ‘బి’, ‘సి’ పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. ఇంట్లో ఎవరికైనా ‘బి’ ఉన్నట్లు తేలితే మిగిలినవారందరూ, ముఖ్యంగా గర్భిణులు, ఆ పరీక్ష చేయించుకోవాలి. మస్జిదు కమిటీలు ఆ వారపు జుమా రోజున ఈ సంగతి ప్రకటించి, ఆ లోపుగా వుజూ ట్యాంకును, తాగునీటి కూలరును కడిగించి ఉంచగలవని ఆశిస్తున్నాము.